ఇంటి మరమ్మతుల మల్బా: గునపం దిగక ముందు నుంచి కాంటా చీటీ చేతికొచ్చే దాకా

బాత్రూం టైల్స్ మార్చాలనో, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలును పెద్దది చేసుకోవాలనో అనుకున్న గృహస్థు కొత్త టైల్స్ రంగు గురించి నెల రోజులు ఆలోచిస్తాడు గానీ, పగిలిన పాత టైల్స్, ఇటుకల శిథిలాలు, అంటే మల్బా, ఎక్కడికి పోవాలన్న సంగతి మాత్రం మేస్త్రీ గునపం దించిన రోజు సాయంత్రం దాకా అతనికి గుర్తుకు రాదు. అప్పటికి మెట్ల మీద దుమ్ము, సెల్లార్‌లో సంచులు, వాట్సాప్ గ్రూపులో పక్కింటివారి ఫిర్యాదు సిద్ధంగా ఉంటాయి. “ఎక్కడో ఒకచోట పారబోసి వస్తాంలే సార్” అని ట్రాలీ ఆటో అతను అంటే తలూపడం తప్ప వేరే దారి కనిపించదు.

నేనూ ఒకసారి అలాగే తలూపాను. రెండు వారాల తరువాత మా కాలనీ దాటి ఉన్న చెరువు కట్ట మీద నడుస్తుంటే, పదిహేనేళ్లు మా వంటింటి గోడకున్న నీలం రంగు టైల్స్ ముక్కలు కుప్పగా కనిపించాయి. ఆ కుప్పలోనే కొత్త టైల్స్ వచ్చిన అట్టపెట్టె, దాని మీద మా ఫ్లాట్ నంబరు స్పష్టంగా ఉన్నాయి. గేటు దాటినంత మాత్రాన ఆ వ్యర్థం మన లెక్కలోంచి పోలేదని నాకు అక్కడే అర్థమైంది. చట్టం చెప్పేదీ అదే. 2016లో కేంద్రం తెచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు, వ్యర్థాన్ని ఎవరు పుట్టించారో దానిని వేరుచేసి, రోడ్డుకూ కాలువకూ అడ్డం పడకుండా తమ ఆవరణలోనే ఉంచి, నిర్దేశించిన కేంద్రానికి చేర్చే బాధ్యతను వారి మీదే పెట్టాయి. వాటి స్థానంలో తెచ్చిన 2025 నాటి నియమాలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు వాటిలో అదనపు బాధ్యతలున్నా, మన వంటి చిన్న గృహస్థుకు సారాంశం మారలేదు: మేస్త్రీనో ఆటో అతన్నో చూపించి తప్పుకోవడం కుదరదు.

ముందు లెక్క వేయండి

వ్యర్థం ఎంత వస్తుందో తెలియకుండా బండి మాట్లాడటమే మొదటి తప్పు. లెక్క కష్టమేమీ కాదు, ఒక టేపు, ఒక కాగితం చాలు. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బాత్రూంను తీసుకుందాం. చుట్టుకొలత 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు దాకా టైల్స్ ఉంటే, తలుపు మేర తీసేయగా దాదాపు 167 చదరపు అడుగుల గోడ మిగులుతుంది. టైలు, వెనుకనున్న సిమెంటు పూత కలిపి అంగుళంపావు మందం అనుకుంటే అది 17 ఘనపుటడుగులు. నేల 40 చదరపు అడుగులు, టైలు కింది మాలుతో కలిపి మూడంగుళాల మందం అయితే మరో 10 ఘనపుటడుగులు. మొత్తం 27. అయితే గోడకు అంటుకుని ఉన్నప్పటి పరిమాణం వేరు, పగిలి కుప్ప పడిన తరువాత పరిమాణం వేరు. ముక్కల మధ్య ఖాళీల వల్ల అది సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. కాబట్టి 40 ఘనపుటడుగుల కుప్ప, ఒకటిన్నర టన్నుల బరువు వస్తుందనుకోవాలి. సిమెంటు సంచిని మూడింట రెండు వంతులే నింపితే 30 కిలోల దగ్గర ఆగుతుంది, ఆ లెక్కన దాదాపు 50 సంచులు. నిండా కుక్కిన సంచి 45 కిలోలు దాటవచ్చు. దాన్ని మూడో అంతస్తు నుంచి మోసే మనిషి నడుము గురించి ఆలోచిస్తే ఆ మూడింట రెండు వంతుల మాటను ఎవరూ కాదనరు.

ఒకటి మరిచిపోవద్దు. పాత అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబును ఒక అడుగు దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో, మట్టితో పూడ్చి, పైన టైల్స్ వేసేవారు. లీకేజీ కోసం ఆ పూడ్చినదంతా తవ్వాల్సి వస్తే, నలభై చదరపు అడుగుల బాత్రూంలోనే మరో 40 ఘనపుటడుగులు బయటికి వస్తుంది. అంటే వ్యర్థం రెండింతలకు మించి పెరుగుతుంది, బండి మాట్లాడిన లెక్కంతా తారుమారవుతుంది.

గోడల లెక్క ఇంకా సులువు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి దాదాపు 46 ఘనపుటడుగులు, రెండున్నర టన్నులు. ఆ గోడ స్లాబును మోస్తున్నదా లేదా అన్నది ఇంజినీరు చెప్పిన తరువాతే దాన్ని ముట్టుకోవాలని వేరే చెప్పనక్కర లేదు. టాటా ఏస్ వంటి చిన్న బండి 750 కిలోల దాకానే మోయాలి కాబట్టి బాత్రూం వ్యర్థానికి రెండు ట్రిప్పులు పడతాయి. గోడకు ట్రాక్టర్ ట్రాలీ మాట్లాడటం మేలు. ఒకే ట్రిప్పులో అంతా సర్దేస్తానని ఏస్ డ్రైవర్ అంటే, దారి పొడవునా సగం రోడ్డు మీదే రాలిపోతుందని అర్థం.

మేస్త్రీతో మాట

కూల్చడం మేస్త్రీ పని, ఎత్తివేత ఇంటివాళ్ల పని అని ఒకరు, అంతా కలిపే మాట్లాడుకున్నామని మరొకరు వాదించుకునే సన్నివేశం మన హైదరాబాదులో ప్రతి మరమ్మతులోనూ ఎదురవుతుంది. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోవాలి: సంచులకు ఎత్తేదెవరు, కిందికి దించేదెవరు, బండి కిరాయి ఎవరిది, అది చేరవలసిన చోటు ఏది. కూలీకి అంతస్తుల వారీగా రేటు వేరుగా ఉంటుంది కాబట్టి, లిఫ్టు వాడనిస్తారా లేదా అన్నది మీ అపార్ట్‌మెంట్ సంఘాన్ని ముందే అడిగి తెలుసుకోండి. చాలా చోట్ల వాడనివ్వరు, ఆ నిషేధంలో న్యాయం కూడా ఉంది. లిఫ్టు తలుపు జారే గాడిలో ఇసుక రేణువులు పడితే తలుపు మొరాయిస్తుంది, ఆ బాగుచేత ఖర్చు చివరికి మీ మీదికే వస్తుంది.

ఇచ్చే మొత్తంలో కొంత చివరికి మిగుల్చుకోండి. వ్యర్థం అప్పగించినట్టు, కేంద్రంవారు బరువు తూచి ఇచ్చే కాంటా చీటీ తెచ్చిన రోజునే ఆ మిగులు చెల్లిస్తానని ముందే చెప్పాలి. మొహమాటపడి ఈ మాట చెప్పనివారి టైల్సే చెరువు కట్టల మీద తేలుతుంటాయి.

కూల్చడం కాదు, విప్పడం

మన దగ్గర గునపం ముందు దిగుతుంది, ఆలోచన తరువాత వస్తుంది. ఈ వరుస తిరగబడాలి. మొదటి రోజు ఏమీ పగలగొట్టకుండా, విప్పదగిన వాటినన్నింటినీ విప్పి పక్కన పెట్టించండి. కుళాయిలు, షవర్లు, గీజరు, వాష్‌బేసిన్, కిటికీ గ్రిల్స్, అల్యూమినియం ఫ్రేములు, తలుపులు, టేకు చౌకట్లు, స్విచ్‌బోర్డులు, తీగలు విడివిడిగా ఉంటే వాటికి విలువ ఉంటుంది. సిమెంటు ముక్కల్లో కలిసిపోతే అవీ మల్బాయే అవుతాయి. ఇత్తడి, రాగి, ఇనుము, అల్యూమినియంలను కలిపి అమ్మితే పాత సామాన్ల వ్యాపారి అన్నింటికీ ఇనుము ధరే కడతాడు. విడదీసి తూయిస్తే బండి కిరాయిలో కొంత భాగం అక్కడే వచ్చేస్తుంది.

పాతకాలపు హైదరాబాదు ఇళ్లలో నేలకు షాబాద్ బండలు, తాండూరు బండలు ఉంటాయి. వీటిని సుత్తితో పగలగొట్టడం అన్యాయం. అంచుల దగ్గర మాలును ఉలితో వదులు చేసి గడ్డపారతో మెల్లగా లేపితే చాలా బండలు చెక్కుచెదరకుండా వస్తాయి. పెరటి బాటకు, వరండాకు, నీళ్ల తొట్టి చుట్టూ వేయడానికి అవి అక్కరకొస్తాయి. మీకు అవసరం లేకపోతే అడిగి తీసుకుపోయేవారు దొరుకుతారు. టేకు చౌకట్ల సంగతీ అంతే, చెదలు పట్టకపోతే పాత కలప డిపోలవారు తీసుకుంటారు.

ఆ తరువాత మిగిలేది పగలగొట్టవలసిన భాగం. దానినీ ఒకే కుప్పగా వేయించకండి. కాంక్రీటు ముక్కలు, ఇటుకలూ సిమెంటు మాలూ, మట్టి, మిగిలినవి అంటే చెక్క, ప్లాస్టిక్, ఇనుము అని నాలుగు రకాలు చేయడం సౌకర్యం. 2016 నియమాలు ఒక్క రోజులో 20 టన్నులకు మించి, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు మించి వ్యర్థం వచ్చేవారికి ఈ విభజననే తప్పనిసరి చేశాయి. మనకు అంత రాదు. అయినా అలా విడదీస్తే, వ్యర్థాన్ని తిరిగి వాడుకునే కేంద్రంలో అది నిజంగా పనికొస్తుంది.

ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడటానికి తెల్లగా, పొడిగా, సిమెంటు పూత లాగే ఉంటాయి కాబట్టి కూలీలు వాటిని ఇటుకల కుప్పలోనే వేస్తారు. కానీ జిప్సంలోని సల్ఫేటు కాంక్రీటును దెబ్బతీస్తుంది. అది కలిసిన వ్యర్థం నుంచి తయారైన కంకర నాసిరకమవుతుంది. థర్మకోల్, ప్లైవుడ్, పీవీసీ ప్యానెళ్లతో పాటు జిప్సం బోర్డులను కూడా వేరే సంచుల్లో కట్టించండి.

స్లాబు మీద కుప్ప, నానీ ట్రాప్‌లో ఇసుక

అపార్ట్‌మెంట్లలో జరిగే అసలు ప్రమాదం దుమ్ము కాదు, బరువు. నివాస గదుల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక భారం మోసేలా లెక్కగడతారు. పగిలిన ఇటుకలు, సిమెంటు అరడుగు ఎత్తు కుప్ప పోస్తేనే దాదాపు ఆ 200 కిలోలు చేరుకుంటుంది. రెండడుగుల ఎత్తు పోస్తే 800 కిలోలకు దగ్గరవుతుంది, అంటే నాలుగు రెట్లు. గది మధ్యలో నడుమెత్తు మల్బా పోసి “రేపు ఎత్తుదాం” అని వెళ్లిపోయే ముఠాను ఆ సాయంత్రమే ఆపాలి. ఎప్పటికప్పుడు సంచులకెత్తి, గోడల వెంట ఒక్క వరుసలో పేర్చి, అదే రోజు లేదా మరునాడు ఉదయమే కిందికి దింపించండి. బాల్కనీ అంచున పేర్చడం అసలే పనికిరాదు. భారం మాట అటుంచి, అక్కడి నుంచి ఒక్క ఇటుక ముక్క జారినా కింద నడిచేవారి తల మీదే పడుతుంది. పై అంతస్తు నుంచి కిందికి విసిరే అలవాటును ఎంత తొందర పనిలోనైనా సాగనివ్వకండి.

పని మొదలయ్యే ముందు బాత్రూం నేలలో నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్‌ను గోనెగుడ్డతో గట్టిగా మూసి, పైన ఒక ప్లాస్టిక్ కవరు కట్టించండి. ఇసుక, టైల్స్ కోసిన బురద అందులోకి పోతే పైపు వంపులో పేరుకుని గడ్డకడుతుంది, ఆరు నెలల తరువాత కింది ఫ్లాట్‌వారి పైకప్పు తడిసినప్పుడు గాని ఆ విషయం బయటపడదు. అదే కారణంగా మేస్త్రీ తాపీలు, బక్కెట్లు వంటింటి సింకులో కడగనివ్వకూడదు. ఒక పాత డ్రమ్ములో కడిగించి, బురద అడుగుకు చేరాక పైనీళ్లు తీసేసి, మిగిలిన ముద్దను ఎండబెట్టి సంచిలో వేయించాలి.

దుమ్ముకు నీళ్లే మందు. పగలగొట్టే ముందు గోడను తడిపితే గాలిలోకి లేచే సన్నటి సిలికా ధూళి చాలావరకు తగ్గుతుంది. ఆ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మనకు వారం పని, కూలీకి అది రోజువారీ బతుకు. మంచి మాస్కులు, చేతి తొడుగులు మీరే కొని ఇవ్వండి, బిల్లులో అది గుర్తుకు రానంత చిన్న మొత్తం.

వేరే దారిలో వెళ్లవలసినవి

సజ్జల మీద, డాబా గదుల మీద ఉన్న పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు పాడుకాకుండా ఉన్నంతకాలం పెద్దగా భయం లేదు గానీ, విరిచినా కోసినా కంటికి కనిపించని పోగులు గాలిలోకి వస్తాయి. బోల్టులు విప్పి, నీళ్లతో తడిపి, విరగకుండా దించి, మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి వేరుగా ఉంచాలి; మల్బాలో ముక్కలు చేసి కలపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. పాత పెయింటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90) పరిమితం చేసిన నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకించకుండా తడిపి గీకించాలి, పసిపిల్లలున్న ఇంట్లో మరీనూ. మిగిలిన రంగు డబ్బాలు, థిన్నర్, ట్యూబ్‌లైట్లు, పాత గీజరు, ఏసీ వంటివి ఏవీ ఈ కుప్పకు చెందవు. మొదటి మూడూ ఇళ్ల ప్రమాదకర వ్యర్థాల కిందికి, చివరి రెండూ ఈ-వ్యర్థాల కిందికి వస్తాయి.

ఎక్కడికి పంపాలి

ఇంటింటికీ వచ్చే స్వచ్ఛ ఆటో తడి, పొడి చెత్త కోసం ఏర్పాటైంది. ఆటో అతనికి వంద నోటిచ్చి రెండు సంచుల మల్బా అంటగట్టడం కొందరికి అలవాటు. అది అతన్ని ఇబ్బందిలో పెట్టడమే. వీధి మూలనున్న చెత్తకుప్ప, ఖాళీ ప్లాటు కూడా మార్గాలు కావు.

హైదరాబాదులో నిర్మాణ వ్యర్థాలను తిరిగి వాడుకునే కేంద్రాలు ఉన్నాయి. రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో జీడిమెట్లలో 2020 నవంబరులో మొదటి కేంద్రం ప్రారంభమైంది. నాగోలు వైపు ఫతుల్లాగూడలో మరొకటి వచ్చింది. కూకట్‌పల్లి, బాలానగర్ వైపువారికి మొదటిది, ఉప్పల్, ఎల్బీనగర్ వైపువారికి రెండవది దూరాన్ని బట్టి అనువుగా ఉంటాయి. అక్కడ వ్యర్థాన్ని నలగ్గొట్టి, కడిగి, జల్లించి ఇసుకగా, కంకరగా వేరుచేస్తారు. వాటితో ఫుట్‌పాత్ టైల్స్, పేవర్ బ్లాకులు తయారవుతాయి. ఇలా పాత కాంక్రీటు ముక్కల నుంచి వచ్చిన కంకరను ఎం25 (కాంక్రీటు బలాన్ని తెలిపే గ్రేడు), అంతకంటే తక్కువ గ్రేడు ఇనుప చువ్వల కాంక్రీటులో 20 శాతం దాకా, మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా వాడవచ్చునని కంకరకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 2016లోనే అనుమతించింది. మన పగిలిన గోడకు ఇంత గౌరవప్రదమైన రెండో జన్మ ఉందన్నమాట.

వ్యర్థం తీసుకుపొమ్మని కోరడానికి జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు ఫోన్ చేయవచ్చు, లేదా మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో నమోదు చేయవచ్చు. చిరునామా, దగ్గరి గుర్తు, ఎన్ని టన్నులు, బండి లోపలికి వచ్చే వీధి వెడల్పు ముందే చెప్పండి. పాతబస్తీ గల్లీల్లో, చిలకలగూడ వంటి ఇరుకు వీధుల్లో పెద్ద బండి మలుపు తిరగలేక వెనుదిరిగితే రోజంతా వృథా. ఈ సేవకు రుసుము ఉంటుంది. టన్నుకు ఎంత, ఎక్కింపు కూలీ అందులోనే ఉందా, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నవి ఆ ఫోన్‌లోనే అడిగి రాసుకోండి. సొంతంగా బండి మాట్లాడుకుని కేంద్రానికి పంపదలచుకుంటే, అక్కడ ఏ వేళల్లో తీసుకుంటారో ముందు కనుక్కోండి. పగటిపూట పెద్ద టిప్పర్ల రాకపోకల మీద నగరంలో ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఆ సంగతి డ్రైవర్‌తో తేల్చుకున్నాకే సమయం ఖాయం చేయండి. బండి మీద టార్పాలిన్ కట్టకుండా కదలనివ్వకండి.

“ఫిల్లింగుకు కావాలి, ఉచితంగా తీసుకుపోతాం” అని వచ్చేవారు ఉంటారు. ఇటుక ముక్కలు, కాంక్రీటు మాత్రమే అడిగి, తమ సొంత స్థలంలో పునాది గుంత పూడ్చుకుంటామంటే ఇవ్వవచ్చు, వ్యర్థానికి అంతకంటే దగ్గరి దారి లేదు. కాని ఆ స్థలం చూసి రావాలి. అది చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) పరిధిలోనో, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోనో, నాలా పక్కనో ఉంటే, మీ గోడ ముక్కలతో ఒక చెరువు పూడుతున్నట్టే. చెరువుల ఆక్రమణలను అడ్డుకోవడానికి 2024లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా, చెరువుల్లో మట్టి, శిథిలాలు పోయడాన్ని తీవ్రంగా పట్టించుకుంటోంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు కాలనీలకు కాలనీలు మునిగిన ఊళ్లో, నాలా వెడల్పు ఒక్క అడుగు తగ్గితే ఏమవుతుందో ఎవరికీ వివరించనక్కర లేదు.

వర్షాకాలంలో పని పెట్టుకుంటే ఎత్తివేతను ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. తడిసిన మల్బా బరువెక్కి కిరాయి పెరుగుతుంది, కొట్టుకుపోయిన మట్టి వీధి మ్యాన్‌హోల్‌లో చేరుతుంది. సంచులు గేటు లోపలే, నీటి మీటరుకూ కరెంటు ప్యానెల్‌కూ అడ్డం కాకుండా, పైన పట్టా కప్పి ఉంచండి.

బండి ఎక్కిస్తున్నప్పుడు నంబరు కనిపించేలా ఒక ఫొటో తీయండి. మీ చిరునామా ఉన్న అట్టపెట్టెలు సంచుల్లో లేవని చూసుకోండి. అవి పొడి చెత్తలోకి పోవాలి. సాయంత్రం కేంద్రం కాంటా చీటీ వచ్చాక, మీరు మొదట వేసిన లెక్కతో దానిలోని బరువును పోల్చండి. ఒకటిన్నర టన్నులు పంపి అర టన్నుకే చీటీ వస్తే, మిగిలింది దారిలో ఎక్కడ దిగిందో డ్రైవర్‌నే అడగాలి, ఆ సమాధానం వచ్చాకే మేస్త్రీ చివరి వాయిదా చెల్లించాలి. చీటీని కొత్త టైల్స్ బిల్లుతో కలిపి దాచుకోండి. పక్క ప్లాటువారు కుప్ప చూపించి మీ పేరు చెప్పినప్పుడు తీసి చూపడానికి అదొక్కటే ఉంటుంది.